జ్ఞానదంతం

ఉద్దేశం: వయసు వచ్చాక మొలిచే చివరి దవడపన్ను కొందరికి ఎందుకు ఇరుక్కుపోతుందో తెలుసుకోవడం, పంటిబాధ విషయంలో అపోహలు విడిచి, సకాలంలో వైద్యుణ్ణి చూడడం అలవరచుకోవడం.

హోసూరులో ఒక తెలుగువారి ఇల్లు. ప్లస్ టూ పరీక్షలు ఇంకా పదిరోజులున్నాయి. ఆ ఇంటి పెద్దపిల్లవాడు మూడురోజులుగా చెంప పట్టుకొని కూర్చున్నాడు. కుడి దవడ వాచింది. నోరు సరిగా తెరుచుకోవడం లేదు. రాగిసంగటి ముద్ద కూడా మింగలేకపోతున్నాడు.

“జ్ఞానదంతం వస్తా ఉంది. ఇకనైనా బుద్ధి వస్తుందిలే” అని మామ నవ్వాడు.

“ఆస్పత్రికి పోదామా అన్నా?” అని చెల్లెలు అడిగింది.

“వద్దు తల్లీ! దవడపన్ను పీకిస్తే కంటిచూపు పోతుందంట. లవంగం పెట్టుకుంటే అదే తగ్గుతుంది” అంది అవ్వ.

పిల్లవాడికి నొప్పి ఒకవైపు, భయం మరొకవైపు. పుస్తకం తెరిచినా అక్షరం తలకెక్కడం లేదు.

అవ్వకు మనవడంటే ప్రాణం. కాని ఆమె విన్నమాట నిజమేనా? అసలు ఆ పన్ను ఎందుకు అంత బాధపెడుతోంది?

పేరు ఎలా వచ్చింది?

మనకు పాలపళ్లు 20, శాశ్వతదంతాలు 32. శాశ్వతదంతాలలో కుంతకాలు 8, రదనికలు 4, అగ్రచర్వణకాలు 8, చర్వణకాలు 12. చర్వణకాలంటే ఆహారాన్ని నమిలే వెనుకటి దవడపళ్లు. ప్రతి పక్కా పైన మూడు, కింద మూడు ఉంటాయి. మొదటిది సుమారు ఆరో ఏట, రెండోది పన్నెండో ఏట వస్తాయి. మూడోది సాధారణంగా పదిహేడేళ్లకూ పాతికేళ్లకూ మధ్య వస్తుంది. బుద్ధి వికసించే వయసులో వస్తుంది కాబట్టి దానిని జ్ఞానదంతం అన్నారు. తమిళులు ‘ఞానప్పల్’ అంటారు. మరాఠీవారు ‘అక్కల్ దాఢ్’ అంటారు. అన్నింటా అర్థం ఒక్కటే.

ఈ పన్ను పెట్టే బాధ నేటిది కాదు. క్రీ.పూ. 4వ శతాబ్దానికి చెందిన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చివరి దవడపళ్లు ఇరవై ఏళ్ల ప్రాయంలో వస్తాయనీ, ముసలితనంలో వచ్చి బాధించిన సందర్భాలు కూడా ఉన్నాయనీ రాశాడు. పేరులో జ్ఞానం ఉన్నా ఈ పంటికీ తెలివికీ ఏ సంబంధమూ లేదు.

ఎందుకు ఇరుక్కుపోతుంది?

పన్ను పూర్తిగా బయటికి రాలేక ఎముకలోనో, చిగురు కిందనో ఆగిపోతే దానిని ఇరుక్కుపోయిన పన్ను అంటారు. అనేక దేశాల పరిశీలనలను కలిపి చూసి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, సుమారు నలుగురిలో ఒకరికి జ్ఞానదంతం ఇలా ఇరుక్కుంటుంది. పై దవడలో కంటె కింది దవడలో ఇది ఎక్కువ. దీనికి కారణం ఒక్కటి కాదు.

మొదటి కారణం చోటు చాలకపోవడం. ముందు ఎక్కినవారితో బస్సు నిండిపోతే, చివరి స్టాపులో ఎక్కినవాడు మెట్టుమీదే నిలబడవలసి వస్తుంది. జ్ఞానదంతం పరిస్థితి కూడా అంతే. కింది దవడ ఎముక వెనుకభాగం చెవివైపు నిలువుగా లేస్తుంది. రెండో చర్వణకానికీ ఆ నిలువు ఎముకకూ మధ్య మిగిలినదే జ్ఞానదంతం చోటు. పెరిగే వయసులో నిలువు ఎముక ముందు అంచు క్రమంగా కరుగుతూ, వెనుక అంచు పెరుగుతూ ఆ చోటు ఏర్పడుతుంది. ఈ పెరుగుదల చాలకపోతే పంటికి దారి ఉండదు.

రెండో కారణం పన్ను వాలు. దంతాంకురం, అంటే పంటి మొలక, కింది దవడలో మొదట ముందుకు వాలి ఉంటుంది. పెరిగేకొద్దీ అది నిటారు కావాలి. కాకపోతే ముందున్న పంటికి తల ఆనించి అక్కడే ఆగిపోతుంది. కొందరికి పూర్తిగా అడ్డంగా పడుకొని ఉంటుంది.

మూడో కారణం వంశపారంపర్యం. దవడ కొలత, పంటి కొలత చాలావరకు తల్లిదండ్రుల నుంచి వస్తాయి. పళ్లు పెద్దవై దవడ చిన్నదైతే ఇరుకు తప్పదు. కొందరికి జ్ఞానదంతాలలో ఒకటో రెండో అసలు పుట్టనే పుట్టవు. అదీ జబ్బు కాదు.

నాలుగోది ఆహారం. దవడ బాగా పెరగాలంటే చిన్నతనంలో దానికి పని ఉండాలి. 2004లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో హైరాక్స్ అనే కుందేలంత జంతువులలో కొన్నింటికి పచ్చి, ఎండు మేత పెట్టారు. మరికొన్నింటికి ఉడికించిన మెత్తని మేత పెట్టారు. మెత్తని మేత తిన్నవాటిలో ముఖం కింది, వెనుక భాగాల పెరుగుదల దాదాపు పదోవంతు తగ్గింది. వేట, సేకరణలతో బతికిన జాతుల దవడలు సేద్యం చేసిన జాతుల దవడల కంటె పొడవుగా ఉన్నాయని 2011లో వెలువడిన మరో పరిశోధన తెలిపింది. గరుకు ఆహారం తిన్నవారి పళ్లు ఒకదానికొకటి రాసుకొని పక్కలు అరిగేవి. అందువల్ల వెనుక కొంత చోటు కలిసివచ్చేది. ఈ సంగతిని ఆస్ట్రేలియా దంతవైద్యుడు రేమండ్ బెగ్ 1954లో వివరించాడు.

అలాగని ఇప్పుడు చెరకు నమిలితే ఇరుక్కున్న పన్ను బయటికి రాదు. ఇది ఒక మనిషి చేసిన తప్పు కాదు. వేల ఏళ్లుగా మారిన తిండి, పుట్టుకతో వచ్చిన దవడ, పన్ను మొలిచిన తీరు కలిసి చేసే పని.

ఎప్పుడు ప్రమాదం?

పూర్తిగా లోపలే ఉన్న పన్ను కొందరిని ఏ బాధా పెట్టకపోవచ్చు. సగం బయటికి వచ్చి సగం చిగురు కింద ఉన్న పన్నుతోనే చిక్కు ఎక్కువ. ఆ చిగురు మూత కింద మెతుకులు చేరుతాయి. బ్రష్షు అందదు. సూక్ష్మజీవులు పెరిగి చిగురు వాస్తుంది, చీము పడుతుంది. ముందున్న మంచి పన్ను కూడా పుచ్చిపోవచ్చు. లవంగనూనె నొప్పిని కొంతసేపు మొద్దుబారుస్తుంది గాని, లోపలి చీమును తీయలేదు. పొగాకు అదిమి పెట్టడం మరింత హాని. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించవచ్చు. జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఆ వాపు గొంతులోకి దిగితే ప్రాణానికే ముప్పు.

ఇక కంటిచూపు మాట. చూపును మెదడుకు చేర్చే నరం వేరు, పళ్లకు వచ్చే నరం వేరు. దవడపన్ను తీయిస్తే చూపు పోతుందన్నది అపోహ. ఇరుక్కున్న ప్రతి పన్నునూ తీయనక్కరలేదు. ఎక్స్‌రే చూసి వైద్యులే నిర్ణయిస్తారు.

ఆ సాయంత్రమే చెల్లెలు పట్టుపట్టి అన్నను ఆస్పత్రికి బయలుదేరదీసింది. అవ్వ కూడా వెంట వెళ్లింది. ఎక్స్‌రేలో పన్ను ముందుకు వాలి కనిపించింది. డాక్టరుగారు చిగురు కింద శుభ్రం చేసి మందులిచ్చారు. నాలుగురోజులకు వాపు తగ్గింది. పిల్లవాడు పరీక్షలు రాశాడు. తరవాత పన్ను తీయించుకొని ఇంటికి రాగానే అవ్వ దినపత్రిక చేతికిచ్చి, “ఏదీ, ఈ సన్న అక్షరాలు చదువు” అంది. అతడు దూది కరచిపట్టుకొనే ముక్కుతో గొణుగుతూ చదివాడు. అవ్వ నవ్వింది.

“నాకూ వస్తుందా అవ్వా?” అంది చెల్లెలు.

మీలో చాలామంది దవడలలో ఆ పన్ను ఈపాటికే ఎముకలో రూపు దిద్దుకుంటూ ఉంటుంది. అది వచ్చేనాటికి ఈ పాఠం గుర్తుంచుకోండి.

పదాలు – అర్థాలు

అపోహ = తప్పుడు నమ్మకం
అంకురం = మొలక
ప్రాయం = వయసు
ముప్పు = ఆపద

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు జవాబులు రాయండి.
1. జ్ఞానదంతానికి ఆ పేరు ఎందుకు వచ్చింది?
2. జ్ఞానదంతం ఇరుక్కుపోవడానికి గల కారణాలు వివరించండి.
3. అవ్వ విన్నమాట ఎందుకు నిజం కాదు?

II. సొంతవాక్యాలలో ప్రయోగించండి.
తలకెక్కు, పట్టుపట్టు, కలిసివచ్చు

III. విడదీసి సంధి పేరు రాయండి.
దంతాంకురం, ఇకనైనా

IV. మీ రాష్ట్రభాషలో జ్ఞానదంతాన్ని ఏమంటారో తెలుసుకోండి. పంటినొప్పి గురించి మీ ఇంటి పెద్దలు చెప్పే మాటలు సేకరించి, వాటిలో ఏవి సరైనవో తరగతిలో చర్చించండి.