‘ఎక్స్‌ప్లాయిటేషన్ డిటెక్టెడ్’ అని ఉంటే ఆ అప్‌డేట్ రేపటికి వద్దు: వానాక్రై చెప్పిన పాఠం

విండోస్‌లో ప్రతి నెలా పదుల కొద్దీ సెక్యూరిటీ లోపాలు బయటపడుతుంటాయి. అన్నిటికీ కంగారు పడక్కర్లేదు. కానీ మైక్రోసాఫ్ట్ నోట్‌లో ఏదైనా లోపం పక్కన ‘ఎక్స్‌ప్లాయిటేషన్ డిటెక్టెడ్’ అని కనిపిస్తే లెక్క వేరు. ఆ లోపాన్ని ఎవరో ఇప్పటికే వాడేస్తున్నారని అర్థం. అలాంటప్పుడు ఆలస్యం చేస్తే ఏమవుతుందో మన రాష్ట్రమే ఒకసారి చూసింది.

2017 మే 12, శుక్రవారం. వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ఒక్కరోజులో ప్రపంచమంతా పాకింది. ఫైల్స్ లాక్ చేసి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగింది, మూడు రోజులు దాటితే 600. మర్నాటికే చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లకు తగిలిందని వార్తలొచ్చాయి. కొద్దిరోజులకే తిరుమల తిరుపతి దేవస్థానం ఆఫీసు కంప్యూటర్లు కొన్ని కూడా దెబ్బతిన్నాయి.

ఇప్పుడు తేదీలు చూడండి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (ఎంఎస్17-010) ఇచ్చింది మార్చి 14న. దాన్ని వాడుకునే ఎటర్నల్‌బ్లూ అనే టూల్‌ను షాడో బ్రోకర్స్ అనే గ్రూపు నెట్‌లో పడేసింది ఏప్రిల్ 14న. దాడి మే 12న. అంటే ప్యాచ్ వచ్చాక 59 రోజులు టైముంది! ‘పాత ఎక్స్‌పీ సిస్టమ్స్ వల్లే ఇదంతా’ అని చాలామంది అనుకుంటారు. కానీ దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 సిస్టమ్సే అని కాస్పర్‌స్కీ లెక్క తేల్చింది. విండోస్ 7కి అప్పటికి ఫ్రీగా అప్‌డేట్స్ వస్తూనే ఉన్నాయి.

ఈ లోపం ఎస్ఎంబీ వెర్షన్ 1లో ఉంది. ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి ఫైల్స్ షేర్ చేసే పాత పద్ధతి అది. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు, 445 పోర్ట్ తెరిచి ఉంటే చాలు. ఒకటి పడితే అదే ల్యాన్‌లో ఉన్న మిగతావీ పడతాయి.

నేనుండేది కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో. ఇక్కడ తెలిసినాయన జిరాక్స్ షాపులో నాలుగు సిస్టమ్స్ చూశాను. అన్నీ విండోస్ 10, అన్నిట్లో ఎస్ఎంబీ 1 ఆన్. కొత్త విండోస్‌లో అది మామూలుగా ఉండదు. పాత స్కానర్ ఫోల్డర్‌లోకి స్కాన్ పంపాలంటే అదే కావాలని ఎవరో ఆన్ చేసిపోయారు. అప్‌డేట్ మాటెత్తితే, ‘రీస్టార్ట్ కొడితే అర్ధగంట పోతాదప్పా, గిరాకీ ఉంది, రాత్రికి సూద్దాంలే’ అన్నాడు. ఆయన బాధా నిజమే. అందుకే స్కాన్‌ని పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, విండోస్ ఫీచర్స్‌లో ‘ఎస్ఎంబీ 1.0’ టిక్ తీసేశాం. దీనికీ ఒక రీస్టార్ట్ కావాలి, అది షాపు మూసేటప్పుడు అయిపోయింది.

ఇంజనీర్లు చేసేదీ ఇంతే. ముందు ఆ లోపం ఎలా పని చేస్తుందో చదవాలి. నెట్‌వర్క్ మీదుగా తనంతట తాను వచ్చేదైతే గంటలు కూడా ముఖ్యమే. ఫైల్ ఓపెన్ చేస్తేనే పనిచేసేదైతే, ప్యాచ్ పడేదాకా తెలియని ఫైల్స్ ముట్టకూడదు. ప్యాచ్ ఇంకా రాకపోతే ఆ ఫీచర్ ఆపేయాలి, కుదరకపోతే కేబుల్ పీకేయాలి. ముఖ్యమైన ఫైల్స్ కాపీ ఒకటి, పని అయ్యాక సిస్టమ్ నుంచి పీకేసే హార్డ్‌డిస్క్‌లో ఉండాలి. అలాంటి కాపీ వానాక్రైకి దొరకదు.

రీస్టార్ట్ అడిగిన అప్‌డేట్, రీస్టార్ట్ అయ్యేదాకా పడనట్టే లెక్క. పాత ఫైల్సే నడుస్తుంటాయి. అప్‌డేట్ హిస్టరీలో ‘సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్’ అని ఉందా చూడండి. ఇంకో మాట: సిస్టమ్‌లోకి ఎవరైనా ముందే దూరి ఉంటే ప్యాచ్ వాళ్లను బయటికి పంపదు. దొంగ లోపలున్నాక గడియ పెట్టినట్టే. అనుమానముంటే ఫుల్ స్కాన్ చేయండి, పాస్‌వర్డ్‌లు వేరే డివైస్ నుంచి మార్చండి.

మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు నెలలో రెండో మంగళవారం, మనకు రాత్రి పదిన్నర లేదా పదకొండున్నరకు వస్తాయి. బుధవారం పొద్దున చూస్తే సరిపోతుంది. ఇక విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆ షాపు సిస్టమ్స్ విండోస్ 11కి సరిపోవు కాబట్టి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేర్చాం. ఆ గడువు 2026 అక్టోబర్ 13.