ఉత్సాహం తగ్గిన రోజుకు ఏర్పాటు

సొంతంగా ఒక పని తలపెట్టిన వాళ్లకు మొదటి నెలలో ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. ఊరి చరిత్ర రాద్దామనుకున్న మాస్టారు అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. అమ్మమ్మ పాటలు రికార్డు చేయాలనుకున్న అమ్మాయి ఆదివారం కోసం ఎదురుచూస్తుంది. మూడో నెలకు ఆఫీసులో పని పెరుగుతుంది, ఇంట్లో ఎవరికో జ్వరం వస్తుంది, నోటుపుస్తకం బీరువా ఎక్కుతుంది. ఏమైందని అడిగేవాళ్లుండరు. సొంత పనికున్న కష్టమంతా అక్కడే. అప్పుడు చాలామంది తమకు పట్టుదల లేదని తమనే తిట్టుకుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. వాళ్లకు కొరవడింది ఏర్పాటు.

సి.పి. బ్రౌన్‌నే తీసుకోండి. 1817లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు వచ్చాడు. తెలుగు కావ్యాలు సేకరించి, సరిచూసి, అచ్చు వేయించమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పగలు కచేరీ పని. కొన్నాళ్లు కలెక్టరు కింద, కొన్నాళ్లు జడ్జిగా. పైగా మచిలీపట్నం, రాజమహేంద్రవరం, కడప అంటూ బదిలీలు. మనసైనప్పుడు తాళపత్రాలు తిరగేద్దామనుకుని ఉంటే ఆ పని ఏనాడో ఆగిపోయేది. ఆయన కడపలో బంగళా కొని పండితులనూ లేఖకులనూ పెట్టుకున్నాడు. వాళ్ల జీతాలు తన జీతంలోంచే ఇచ్చాడు, చాలకపోతే అప్పులు చేశాడు. తాను కచేరీలో ఉన్న వేళ కూడా అక్కడ ఎవరో ఒకరు ప్రతులు పోల్చి చూస్తూనే ఉండేవారు. జూలూరి అప్పయ్య వంటి పండితుడు పని ముందేసుకుని కూర్చున్నాక, దొరగారికి ఆ రోజు మనసు బాగున్నా లేకపోయినా పని మాత్రం కదలాల్సిందే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇంకొకటుంది. ఆయన పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చే నిఘంటువు 1852లో గానీ వెలువడలేదు. అంతవరకూ ఒట్టి చేతులతో నడవలేదు. 1827లో ఛందస్సు మీద పుస్తకం, 1829లో వేమన పద్యాలు, 1840లో వ్యాకరణం. ఒక్కో పుస్తకం చేతికందినప్పుడల్లా తరువాతి దానికి ఓపిక వచ్చి ఉంటుందని నా నమ్మకం. పాతికేళ్ల పనిని పాతికేళ్ల తర్వాతి ఫలితం ఒక్కటే నడిపించలేదు.

పండితులకు జీతాలిచ్చే స్తోమత మనకు లేదు, నిజమే. అడిగే మనిషి ఒక్కరు చాలు. ఆదివారం సాయంత్రం మీరు రాసిన రెండు పేజీలు వినడానికి కూర్చునే స్నేహితుడో, మేనత్తో, రిటైరైన పక్కింటి మాస్టారో. పొగిడే వాళ్లకన్నా "మొన్న చెప్పిన చెరువు కథ ఏమైంది?" అని నిలదీసే వాళ్లను ఎంచుకోండి. రోజూ పని ముగించి లేచేముందు రేపు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక వాక్యం రాసిపెట్టుకుంటే మర్నాడు వెతుక్కునే బాధ తప్పుతుంది. మీది ఊరి చరిత్ర అయితే, పుస్తకం పూర్తయ్యేదాకా ఆగకుండా, ఒక వీధి కథ పూర్తవగానే పది ప్రతులు జిరాక్సు తీసి ఆ వీధివాళ్లకే ఇవ్వండి. తప్పులు దిద్దేదీ వాళ్లే, మీకు తెలియని సంగతులు చెప్పేదీ వాళ్లే.

ప్రేరణ కోసం గంటలకొద్దీ వీడియోలు చూడటం వల్ల పని ఒక్క అంగుళం ముందుకు జరగదు. ఆ గంటలు పనికే ఇవ్వండి. మిమ్మల్ని అడిగే ఆ ఒక్క మనిషి ఎవరో ఈ వారమే తేల్చుకుని, వెళ్లి మాట్లాడండి.