గ్రామసభ – మన కర్తవ్యము

పల్లెల పాలన పల్లెవారి చేతిలోనే యుండవలెనన్నది మన రాజ్యాంగమందలి 40వ అధికరణపు ఆశయము. 1993లో అమలులోనికి వచ్చిన 73వ సవరణ దానికి బలము చేకూర్చినది. ఆ యేటనే కర్ణాటక పంచాయతీరాజ్ చట్టము వెలువడినది.

మన నగరము చుట్టునున్న పల్లెలను చూతము. 1986లో బెంగళూరు జిల్లాను విభజించి గ్రామీణ జిల్లాను ఏర్పరచిరి. 2007లో రామనగర జిల్లా వేరుపడిన పిమ్మట అందు దేవనహళ్లి, దొడ్డబళ్లాపురము, హొసకోటె, నెలమంగల తాలూకాలు మిగిలినవి. చట్టము పాలనను గ్రామ, తాలూకా, జిల్లా పంచాయతీలని మూడంచెలుగా విభజించినది. త్రాగునీరు, వీధిదీపములు, మురుగుకాలువలు గ్రామ పంచాయతీ బాధ్యతలు.

వీటన్నింటికి మూలము గ్రామసభ. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును అందు సభ్యులే. జమాఖర్చులను, చేయవలసిన పనులను అచ్చట ప్రశ్నింపవచ్చును. సభ్యత్వమునకు మాతృభాష ఏదని చట్టము అడుగదు.

అయినను, ప్రకటన కన్నడమున నున్నదని వెనుదీయు పెద్దలు మనలో కలరు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. అడుగువారు లేని వీధికి కొళాయి ఎట్లు వచ్చును?

విద్యార్థులారా! తెలుగు, కన్నడ లిపులు ఒక్క తల్లి బిడ్డలు. ఆ ప్రకటనను మనమే చదివి ఇంటి పెద్దలకు తెలుపుదము. 350వ అధికరణము ననుసరించి, రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషయందైనను ప్రభుత్వాధికారులకు కష్టము విన్నవించుకొనవచ్చును. 18 ఏండ్లు నిండిననాడు మనకును ఓటు వచ్చును. 21 ఏండ్లకు పోటీచేయు అర్హతయు కలుగును. మాతృభాషను మరువక, కన్నడమును శ్రద్ధతో నేర్చి, ఆ బాధ్యతకు ఇప్పటినుండియే సిద్ధపడుదము.