మహిళా సభ్యుల ఆరోగ్య పాఠం: హెచ్.పి.వి. వైరస్, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు



శంషాబాద్ చుట్టుపక్కల పాల్మాకుల, నర్కుడ, పెద్దతూప్ర వంటి గ్రామాలలో తెల్లవారకముందే పాలు పితికి, క్యాను పట్టుకొని కేంద్రానికి వచ్చే తల్లులు ఎందరో ఉన్నారు. కేంద్రంలో మొదట జరిగే పని నమూనా తీయడం. పాలు ఎంత తెల్లగా, ఎంత చిక్కగా ఉన్నా వెన్న శాతం చూడకుండా ధర కట్టము. పైకి కనిపించేది ఒకటి, లోపల ఉన్నది మరొకటి కావచ్చునని పాడి రైతుకు వేరే చెప్పనక్కరలేదు. పాలకు రోజూ రెండు పూటలా పరీక్ష చేయించే తల్లి, తన శరీరానికి జన్మలో ఒక్కసారి కూడా చేయించుకోని పరీక్ష ఒకటి ఉన్నది. దానిని గురించి ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఏమిటీ వైరస్?

ఆవుల, గేదెల చనుకట్ల మీద ఒక్కొక్కప్పుడు పులిపిర్లు లేవడం మీరు చూసే ఉంటారు. వాటికి కారణం పాపిల్లోమా అనే జాతి వైరస్. అదే జాతికి చెందిన, మనుషులకు మాత్రమే సోకే వైరస్‌ను హ్యూమన్ పాపిల్లోమా వైరస్ అంటారు. పొట్టిగా హెచ్.పి.వి. అని పిలుస్తారు. పశువులది మనకు అంటదు. పాలు పితికినందువల్ల గాని, పాలు తాగినందువల్ల గాని ఇప్పుడు చెప్పుకొనే జబ్బు రాదు. ఈ సంగతి ముందే గట్టిగా గుర్తుంచుకోండి.

హెచ్.పి.వి.లో రకాలు చాలా ఉన్నాయి. కొన్ని చర్మం మీద పులిపిర్లు పుట్టించి ఊరుకుంటాయి. కొన్ని స్త్రీల గర్భసంచి ముఖద్వారం దగ్గర చేరి, ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోతే క్యాన్సరుకు దారి తీస్తాయి. వీటిలో 16, 18 నంబరు రకాలు ముఖ్యమైనవి. ప్రపంచంలో ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఈ రెండే కారణం. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ 1983లో ఈ క్యాన్సరు గడ్డలలో 16వ రకాన్ని కనుగొన్నారు. అందుకు ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. మన శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైన సంవత్సరం కూడా అదే.

2022లో మన దేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ క్యాన్సరు కొత్తగా వచ్చినట్లు, సుమారు 80,000 మంది దీనితో మరణించినట్లు అంతర్జాతీయ అంచనా. ముందుగా కనిపెట్టగలిగిన జబ్బుతో ఇంతమంది పోవడం విచారకరం.

ఎవరికి సోకుతుంది?

ఈ వైరస్ భార్యాభర్తల కలయిక ద్వారా సోకుతుంది. ఇది చాలా సాధారణమైనది. సంసారం చేసే స్త్రీ పురుషులలో అధికభాగం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. సోకినవారిలో పదింట తొమ్మిది మందికి రెండేళ్లలోపల శరీరమే దానిని వదిలించుకొంటుంది. మందు కూడా అక్కరలేదు. మిగిలిన కొద్దిమందిలో అది పాతుకొనిపోతుంది. అక్కడి నుండి క్యాన్సరుగా మారడానికి సాధారణంగా 15 నుండి 20 సంవత్సరాలు పడుతుంది. ఆ వ్యవధిలో మనం మేలుకోవాలి.

మన ప్రాంతంలోనూ దీనిపై పరిశోధన జరిగింది. హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న మేడ్చల్ మండలంలో షేర్ ఇండియా, మెడిసిటీ సంస్థల వైద్యులు అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వారితో కలిసి గ్రామాల స్త్రీలను పరీక్షించారు. ఆ ఫలితాలు 2009, 2010 సంవత్సరాలలో ప్రచురితమయ్యాయి. పరీక్ష చేయించుకొన్నవారిలో సుమారు పదిమందికి ఒకరిలో ప్రమాదకర రకం వైరస్ కనిపించింది. వారంతా మనవంటి సంసార స్త్రీలే. ఇది ఏదో పట్నపు జబ్బు, చెడు తిరుగుళ్ల జబ్బు అని అనుకొనేవారు ఈ సంగతి గమనించాలి.

ప్రమాదం ఎవరికి ఎక్కువ?

1. చిన్న వయసులోనే పెళ్లయి సంసారం మొదలైనవారికి. ఆడపిల్లకు 18 నిండకుండా పెళ్లి చేయరాదనే చట్టానికి ఇదొక అదనపు కారణం.

2. కాన్పులు ఎక్కువైనవారికి.

3. భర్తకు గాని, భార్యకు గాని ఇతరులతో సంబంధం ఉన్నప్పుడు. భార్య ఎంత నియమంగా ఉన్నా భర్త ద్వారా వైరస్ రావచ్చు.

4. బీడీ, చుట్ట, సిగరెట్టు తాగేవారికి.

5. హెచ్.ఐ.వి. ఉన్నవారికి. వీరిలో జబ్బు త్వరగా ముదురుతుంది. 30 ఏళ్ల వరకు ఆగక 25 నుండే పరీక్ష చేయించుకోవాలి.

6. గర్భనిరోధక మాత్రలు అయిదేళ్లకు మించి వాడినవారికి ప్రమాదం కొంత పెరుగుతుంది. మానిన తరువాత అది తగ్గుతూ వస్తుంది. డాక్టరును అడగకుండా భయంతో మాత్రలు మానవద్దు.

అన్నింటికంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. అది పరీక్ష అన్నదే చేయించుకోకపోవడం.

పరీక్ష ఎట్లా చేస్తారు?

పైకి కనిపించని పొదుగువాపు మీకు తెలుసు. పొదుగు మెత్తగానే ఉంటుంది, పాలు మామూలుగానే ఉంటాయి. పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. ఈ జబ్బు మొదటి దశ కూడా అటువంటిదే. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. నొప్పి వచ్చాక చూద్దామంటే అప్పటికే ఆలస్యమవుతుంది.

సులువైన పద్ధతి ఒకటి ఉన్నది. నర్సు గాని, డాక్టరు గాని ముఖద్వారానికి పలుచని వెనిగరు వంటి ద్రవం పూసి ఒక నిమిషం ఆగి చూస్తారు. చెడిన చోటు తెల్లమచ్చగా కనిపిస్తుంది. 30 నుండి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకొకసారి ఈ పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్దేశించింది.

రెండవది హెచ్.పి.వి. పరీక్ష. దూదిపుల్లతో నమూనా తీసి వైరస్ ఉన్నదీ లేనిదీ ప్రయోగశాలలో చూస్తారు. సిగ్గుపడే తల్లులకు ఒక శుభవార్త. ఈ నమూనాను స్త్రీ తానే తీసుకొని ఇవ్వవచ్చు. మేడ్చల్‌లో ఈ పద్ధతిని కూడా పరిశీలించారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీనిని అంగీకరించింది. పొరుగున ఉన్న మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో 1,31,000 మందికి పైగా గ్రామీణ స్త్రీలపై జరిగిన పరిశోధన ఫలితం 2009లో వెలువడింది. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష జరిగిన గ్రామాలలో, ఏ పరీక్షా జరగని గ్రామాలతో పోలిస్తే, ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సరు మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

వైరస్ ఉన్నదని తేలితే?

మొదట, అది క్యాన్సరు కాదు. మళ్లీ చూపించుకోవలసిన అవసరం ఉన్నదని మాత్రమే దాని అర్థం. చెడిన భాగం కనిపిస్తే వేడితో గాని, అతి చల్లదనంతో గాని దానిని అక్కడికక్కడే నిర్మూలిస్తారు. కొద్ది నిమిషాల పని. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు.

రెండవది, గర్భసంచి తీసేయమని ఎవరైనా తొందరపెడితే వెంటనే ఒప్పుకోకండి. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోను గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు దేశంలో కెల్లా ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపుతున్నాయి. వైరస్ ఉన్నంత మాత్రాన ఆ ఆపరేషను అవసరం లేదు. రెండవ డాక్టరు అభిప్రాయం తీసుకోండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది.

మూడవది, సంసారంలో అనుమానానికి తావివ్వకండి. వైరస్ ఎప్పుడు సోకిందో, ఎవరి నుండి వచ్చిందో ఈ పరీక్ష చెప్పలేదు. ఎన్నో ఏళ్ల క్రిందటిది ఇప్పుడు బయటపడి ఉండవచ్చు. భార్య చీటీ చూసి నిలదీసే భర్త, ఆ భయంతో పరీక్షకే వెళ్లని భార్య, ఇద్దరూ నష్టపోయేవారే. సోదరులారా, ఆసుపత్రికి తోడు వెళ్లండి. ఆ పూట పాలు మీరు పితకండి.

ఆడపిల్లలకు టీకా

ఈసుడు రోగం రాకుండా పెయ్యదూడకు 4 నుండి 8 నెలల వయసులోనే టీకా వేయిస్తాము. రోగం తగలకముందే వేయాలన్నది అక్కడి సూత్రం. హెచ్.పి.వి. టీకాకు కూడా అదే సూత్రం. 9 నుండి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేస్తే ఎక్కువ ఫలితం. 20 ఏళ్ల లోపువారికి ఒక్క డోసు కూడా చాలునని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. పుణెలో తయారయ్యే సెర్వావాక్ టీకాకు అదే ఏడాది అనుమతి లభించింది. టీకా వేసుకొన్నవారు కూడా పెద్దయ్యాక పరీక్ష మానరాదు.

కొందరికి ఖమ్మం జిల్లా సంగతి గుర్తుండవచ్చు. 2009లో అక్కడ మూడు మండలాలలో సుమారు 14,000 మంది బాలికలకు ఈ టీకా వేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం నిలిచిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారం విచారణలో దొరకలేదు. అయితే తల్లిదండ్రులకు సరిగా చెప్పకుండా, పలుచోట్ల హాస్టలు వార్డెన్ల సంతకాలతో టీకాలు వేసిన తప్పు మాత్రం బయటపడింది. కాబట్టి టీకాను కాదనవద్దు, తెలుసుకోకుండా సంతకమూ పెట్టవద్దు. ఎందుకు, ఎన్ని డోసులు, జ్వరం వస్తే ఏం చేయాలి అని అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లవలసిన గుర్తులు

ముట్టు కాని రోజులలో రక్తం పోవడం, కలయిక తరువాత రక్తం కనిపించడం, ముట్లుడిగిన తరువాత మళ్లీ రక్తం రావడం, దుర్వాసనతో తెల్లబట్ట కావడం. వీటిలో ఏది కనిపించినా వాయిదా వేయవద్దు.

సంఘం చేయవలసిన పని

పశువైద్య శిబిరం పెట్టించే సంఘం, మండల ఆరోగ్య కేంద్రం వారితో మాట్లాడి మహిళా సభ్యులకు ఒక పరీక్ష శిబిరం కూడా ఏర్పాటు చేయించవచ్చు. ఉదయం పాల సేకరణ ముగిసిన తరువాతి వేళ అనుకూలంగా ఉంటుంది. వచ్చే పాలకవర్గ సమావేశంలో దీనిని ఒక అంశంగా చేర్చవలసిందిగా కోరుతున్నాము.

మహిళా సభ్యులు చర్చించుకోవలసిన ప్రశ్నలు

1. పాలు పితకడం వల్ల ఈ జబ్బు వస్తుందా?

2. నొప్పి లేనప్పుడే పరీక్ష ఎందుకు చేయించుకోవాలి?

3. వైరస్ ఉన్నదని తేలిన స్త్రీని నిందించడం ఎందుకు తప్పు?

4. మన సంఘంలో 30 ఏళ్లు దాటిన సభ్యురాళ్లు ఎందరు? వారిలో ఈ పరీక్ష చేయించుకొన్నవారు ఎందరు?

నాలుగవ ప్రశ్నకు జవాబు ఈ పాఠంలో లేదు. దానిని మీ సంఘమే వ్రాసుకోవాలి.