తెప్ప తేలుట యెట్లు?
(చెరువు వేటకు ఇంట చేసికొను సాధనమును గూర్చిన పాఠము)

మన మెట్‌పల్లికి ఉత్తరమున గోదావరీనది ప్రవహించుచున్నది. 1963వ సంవత్సరమున శంకుస్థాపన జరిగిన శ్రీరామసాగరమునుండి కాకతీయ కాలువ మన జిల్లా పొలములకు నీరొసగుచున్నది. ఊరూర చెరువులు గలవు. వానిలో రవ్వ, బొచ్చె, కొర్రమీను మొదలగు చేపలను పట్టి జీవించు గంగపుత్రుల, ముదిరాజుల కుటుంబములు పెక్కు గలవు.

లోతు తక్కువైనచోట వెదురు ఊతతో చేపను కప్పి, పైకంతనుండి చేయిపెట్టి తీయుదురు. లోతైనచోట వల అవసరము. సాయంకాలము కట్టిన వలను తెల్లవారుజామున విప్పవలెను. పడవ కొనజాలని బీదవాడు ఈదుచు పోయి ఆ పని చేయును. తూటికాడయో, నాచో, తన వలయే యో కాళ్లకు చుట్టుకొన్నచో ఎంత ఈతగానికైనను ప్రాణాపాయమే. ఈ కష్టమునుండియే థర్మాకోల్ తెప్ప పుట్టినది. సామానుల పెట్టెలలో వచ్చు ఆ తెల్లని దిమ్మలను ఒకటిగా చేర్చి, గోనెపట్టాతో కుట్టి, త్రాటితో బిగించి, తెలంగాణపు చెరువులలో జాలరులు వాడుచున్నారు.

ఇది యేల తేలును? నీట మునిగిన వస్తువు ఎంత నీటిని తొలగించునో, అంత నీటి బరువుతో నీరు దానిని పైకి నెట్టును. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున సిరాక్యూజు నగరవాసియైన ఆర్కిమెడీసు ఈ సూత్రమును కనుగొనెను.

విద్యార్థులారా, పలకపై లెక్క వేయుడు. పొడవు 150, వెడల్పు 75, మందము 15 సెంటీమీటర్లు గల తెప్ప ఘనపరిమాణము సుమారు 169 లీటర్లు. లీటరు నీరు ఒక కిలో గనుక, పూర్తిగా మునిగినప్పుడది 169 కిలోలను మోయును. పట్టాతో కూడ తెప్ప బరువు 6 కిలోలు, మనిషి 60, వలయు చేపలును 20 అనుకొన్నచో, మొత్తము 86 కిలోలు. అనగా తెప్ప సగమునకు కొంచెము మించి, సుమారు 7.6 సెంటీమీటర్లు మాత్రమే మునుగును. మిగిలిన సగము ఆపత్కాలమునకు నిలువ. దానిని కూడ బరువుతో నింపుట అవివేకము.

తేలుట వేరు, బోర్లపడకుండుట వేరు. మనిషి నిలువబడినచో బరువు ఎత్తునకు చేరి, తెప్ప ఒరుగును. కావున మధ్యభాగమున కూర్చుండియే వల లాగవలెను. పట్టా లేని దిమ్మ ఎండకు పెళుసెక్కి రాలును. ఆ రాలిన పూసలను చేపలు మ్రింగును. పెట్రోలు తగిలినచో థర్మాకోల్ కరిగిపోవును.

మరియొక చిన్న ఉపాయము. మనిషి శరీరము ఇంచుమించు నీటియంత సాంద్రత గలది. కనుక తల నీటిపై నిలుచుటకు కొన్ని కిలోల ఆధారము చాలును. మూత బిగించిన 5 లీటర్ల ఖాళీ డబ్బా ఇంచుమించు 5 కిలోలను మోయును. అట్టిదానిని త్రాటితో తెప్పకు కట్టియుంచినచో, జారిపడినవానికి పట్టుకొనుటకు పనికివచ్చును. ఇది ప్రాణరక్షక కవచమునకు బదులు మాత్రము కాదు. పిల్లలు పెద్దలు తోడు లేక ఇట్టివానిని నీటిలో పరీక్షింపరాదు.

వేటను సులభము చేయుదుమని కొందరు మందుగుండు పేల్చుదురు, విషము కలుపుదురు, బ్యాటరీలతో నీటికి విద్యుత్తు పెట్టుదురు. వీనిలో మొదటి రెండును చట్టముచే నిషిద్ధములు. మూడవది చేపనే గాక వేటగానిని కూడ చంపగలదు. ఇవియు మానవుని ఉపాయములే. అయితే ఇవి గ్రుడ్లను, పిల్లచేపలను నశింపజేసి రేపటి కూటిని నేడే కాల్చివేయును. తెప్పయో, చెరువునకు హాని చేయక పనివాని ప్రాణమును కాపాడును. ఒక సాధనము మంచిదో కాదో తెలిసికొనుటకు ఈ భేదమే గీటురాయి.

మన ప్రభువు తొలి శిష్యులను గలిలయ జాలరులలోనుండియే పిలుచుకొనెను. చేతిపని నీచమని తలంపకుడు. మీ యింట వల అల్లు తండ్రియో, బుట్ట అల్లు తాతయో యున్నచో, వారియొద్ద కూర్చుండి, ప్రతి ముడియు ఏల వేసిరో అడిగి తెలిసికొనుడు. పుస్తకములోని సూత్రమును, వారి చేతిలోని నేర్పును కలిపిననాడు మీ విద్య ఊరికి ఉపకరించును.