ఎవరి మనిషి?

గురుబరపల్లి

అల్లుడూ,

షెడ్డు అద్దెకు తీసుకున్నావనీ, రెండు సీఎన్‌సీ లేతులు దించుకోబోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక మామిడితోటల పక్కన మెషిన్ల చప్పుడు వినబడడం నాకూ సంతోషమే. బీమా సంగతి అడిగితే మాత్రం "తెలిసినాయన ఉన్నాడు, చూసుకుంటాడు" అన్నావట. ఆ తెలిసినాయన ఎవరి మనిషో కనుక్కున్నావా?

ఏజెంటు కంపెనీ మనిషి. తన కంపెనీ పాలసీయే చూపిస్తాడు. తప్పు పట్టలేం, ఆయన పనే అది. బ్రోకరు చట్టప్రకారం నీ తరఫు మనిషి. నాలుగు కంపెనీల దగ్గర రేట్లు అడిగి, షరతులు పోల్చి నీకు చెప్పాలి. అయితే ఆయన కూలి కంపెనీయే ఇస్తుంది, నువ్వు కట్టే ప్రీమియంలోంచి. ఈ మెలిక గుర్తుంచుకో. బ్రోకర్లకు రిజిస్ట్రేషన్ ఇచ్చేది హైదరాబాదులో ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ. నంబరు అడిగి, చెల్లుబాటులో ఉందో లేదో దాని వెబ్‌సైట్లో చూసుకో. కమీషన్లో కొంత నీకే ఇస్తానన్నాడంటే లేచి వచ్చెయ్. 1938 బీమా చట్టం 41వ సెక్షన్ కింద ఇచ్చినవాడిదీ తప్పే, పుచ్చుకున్నవాడిదీ తప్పే.

నా మండీ కాలిన సంగతి నీకు తెలుసు. లెక్క తెలియదు. అప్పుడు గోడౌన్లో ఉన్న సరుకూ క్రేట్లూ కలిపి 20 లక్షలు. ప్రీమియం తగ్గుతుందని నేను 12 లక్షలని రాయించాను. కాలింది 5 లక్షలది. బీమా ఉంది గదా, 5 లక్షలూ వస్తాయనుకున్నా. సర్వేయరు వచ్చి, ఉన్న విలువలో ఐదింట మూడు వంతులకే బీమా చేశావు గనక నష్టంలోనూ అంతే అని 3 లక్షలు రాశాడు. మనసులో ఎంత తిట్టుకున్నా లెక్క లెక్కే. విలువ తక్కువ రాస్తే ఏమవుతుందో నాకు ముందే చెప్పే మనిషి లేడు. నిజానికి, ఉన్నా ఆ రోజుల్లో వినేవాణ్ణి కాను.

అందుకే బ్రోకరును రేటు తర్వాత అడుగు. నీలాంటి చిన్న యూనిట్లకు ఎన్ని క్లెయిములు చేయించాడో, సర్వేయరు వచ్చిన రోజు తాను వస్తాడో రాడో ముందు తేల్చుకో. ఆ తర్వాత షెడ్డుకు పిలిచి చూపించు. నీది జాబ్ వర్కు. మెషిన్లు నీవే గానీ లోపలున్న ఇనుము నీకు పని ఇచ్చే హోసూరు కంపెనీది. ఆ ఇనుము సంగతి ఆయన తనంతట తాను అడిగితే మంచి మనిషి దొరికినట్టే. అడగకపోతే నువ్వే చెప్పి, ఇతరుల సరుకు కూడా పాలసీలో రాయించు. షెడ్డు మారితే ఆ రోజే కబురు పెట్టు. చిరునామా తేడా వస్తే క్లెయిము దగ్గర చిక్కే.

డబ్బు చేతికివ్వకు. బీమా కంపెనీ పేరుమీదే కట్టు. ప్రీమియం కంపెనీకి చేరందే రిస్కు మొదలుకాదు. అప్పు తీసుకుంటే బ్యాంకువాళ్లు పాలసీలో తమ పేరు ఉండాలంటారు, అది న్యాయమే. ఫలానా కంపెనీదే కొనమంటే మాత్రం ఎందుకని అడుగు. తగువు వస్తే చెన్నైలో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నాడు, 50 లక్షల దాకా వింటాడు, ఫీజు లేదు. ముందు కంపెనీకి రాతలో ఫిర్యాదు చేసి ఉండాలి.

మెషిన్లు కోయంబత్తూరు నుంచి లారీలో వస్తాయట గదా. దారిలో ఏమైనా అయితే, ఆ బీమా బాధ్యత మెషిన్లు అమ్మినవాడిదా, నీదా? బిల్లు తీసి చూడు. లారీ బయలుదేరకముందే నాకు ఫోన్ చెయ్.

మీ మామ