నవ్వు – వయసు

హాస్యం ఆరు విధాలని నాట్యశాస్త్రం. అందులో స్మితహసితాలు ఉత్తములవి, అపహసితాతిహసితాలు అధములవి. నేటి చలనచిత్ర ధ్రువీకరణకు మాత్రం వయసే ప్రమాణం. 2023 నాటి చట్టసవరణ 'యు/ఎ' తరగతిని 7, 13, 16 ఏళ్ళుగా విభజించింది. అది నిషేధం కాదు, పెద్దలకు సూచన. కనుక పెద్దల హాస్యచిత్రం పిల్లలకు తగునా అన్న నిర్ణయభారం తల్లిదండ్రులదే.

అశ్లీలాన్ని వారు సులువుగానే పసిగడతారు. మన చిత్రాలలోని 'కోయదొర' వేషం సంగతేమిటి? ఈకల తలపాగా, వంకర తెలుగు, కల్ల జోస్యం! అరకులోయలో ఇంట కువియో, ఆదివాసీ ఒడియాయో మాట్లాడి, బడిలో తెలుగు నేర్చే గిరిజన బాలుడు ఆ దృశ్యం చూస్తున్నాడనుకొందాం. చుట్టూ అందరూ నవ్వుతారు. మరునాడు తరగతిలో అతడు నోరు విప్పడానికి జంకుతాడు. ఆ చిత్రానికి 'యు' పత్రమే లభించి ఉండవచ్చు.